చేపల శాఖ ఎవరికి

పోయిన వారం అరబాను రేడియో స్టేషన్ మెట్ల మీద వదిలి వచ్చాం. ఎండుగాలికి పెదవులు పగిలి, కళ్ళ నిండా దుమ్ము పడి, మళ్ళీ లోపలికి వెళ్ళాలో ఇంటికి పోవాలో తోచక నిలబడి ఉంది. ఆమె తండ్రి ఎబో ఎసిల్ఫీ కొత్త అధ్యక్షుడు క్వామినా ఒటూ దగ్గర చేపల శాఖ మంత్రి అవుతాడని కేప్ కోస్ట్ ఊరంతా చెప్పుకుంటోంది. ఆ మాట మొదట అన్నది పొద్దున్నే రేడియోలో పత్రికలు చదివి వినిపించే ఫీఫీ. ఎసిల్ఫీ కడుపులో ఉన్నది పుండు కాదనీ, తగ్గే జబ్బు అసలే కాదనీ, క్రిస్మస్ దాటితే గొప్పేననీ రాజధాని అక్రాలో డాక్టరు తల్లికీ కూతురికీ మాత్రమే చెప్పాడు. క్రిస్మస్ దాటింది. అధ్యక్షుడి ప్రమాణ స్వీకారమూ అయిపోయింది. ఇవాళో రేపో మంత్రుల పేర్లు చదువుతారు. చావుకు దగ్గరైన మనిషికి లేనిపోని ఆశ పెట్టవద్దని బతిమాలడానికి అరబా స్టేషనుకు వెళ్ళింది. ఫీఫీ తలుపు దగ్గరగా వేసి, తల వంచుకుని ఒక్క మాట అన్నాడు.

"అక్కా, ఆ కబురు నాకు మీ ఇంట్లోంచే వచ్చింది."

ఇంట్లో ఉన్నది ముగ్గురు. ట్రోట్రో వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా ఆమె ఆ ముగ్గురినే మార్చి మార్చి తలుచుకుంది. తాను చెప్పలేదు. తన కోసం ఎవరినీ ఏమీ అడిగి ఎరుగని తండ్రి చెప్పి ఉండడు. మిగిలింది అమ్మ.

బండిలో ఎవరూ ఆమెను పోల్చుకోలేదు. జనం మంత్రి పదవులు పంచుకోవడంలో మునిగి ఉన్నారు. నెల రోజులుగా దేశంలో ఎక్కడ నలుగురు కూడినా ఇదే పని. ఆర్థిక శాఖ ఒకడికి ఇచ్చారు, కాసేపటికి లాక్కుని ఇంకొకడికి ఇచ్చారు. పులిసిన మొక్కజొన్న పిండితో చేసే కెంకే ముద్దల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ, రోడ్ల శాఖ ఆడమనిషికే ఇవ్వాలని పట్టుబట్టింది. నెత్తిన బరువు పెట్టుకుని నడిచేవాళ్ళకే గుంట ఎక్కడుందో తెలుస్తుందట. బండి మొత్తం నవ్వింది. చేపల శాఖ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరూ వాదించలేదు.

"అది ఎసిల్ఫీ మాస్టారిది. అందులో మాటేముంది?" అన్నాడు డ్రైవరు, అద్దంలో వెనక్కి చూస్తూ. "ఒటూ ఓడిన ప్రతిసారీ ఆయన పక్కన నిలబడింది ఒక్క మాస్టారే. గెలిచాక పక్కన పెడితే ఆ ఒటూ మొహం నేను చూడను."

తమ ఇంటికి ఇంకా చాలా దూరం ఉండగానే అరబా బండి ఆపించి దిగిపోయింది.

ఇంటి ముందు వసారాలో మళ్ళీ జనం. ఈ మధ్య రోజూ ఉండేదే. పడవల సంఘం పెద్దలు, చర్చి పాటల బృందం వాళ్ళు, ఎప్పుడో తండ్రి దగ్గర భూగోళం పాఠాలు చదువుకుని ఇప్పుడు బట్టతలలు వచ్చినవాళ్ళు. కెనడాలో రాయబారి ఉద్యోగం ఇప్పించమని రోజూ వచ్చే ఒక పెద్దమనిషి గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ఆయనకు పాస్‌పోర్టు కూడా లేదు. వాళ్ళందరి మధ్య పేము కుర్చీలో, రెండు దిండ్లు ఆనించుకుని, ఒంటికి వదులైపోయిన తెల్ల చొక్కాలో ఎసిల్ఫీ మాట్లాడుతున్నాడు. రాత్రిపూట దీపాలు పెట్టి పిల్ల చేపల్ని ఊడ్చేసే పెద్ద ఓడల గురించి, ఆ ఓడల వెనక ఉన్న మన పెద్దల గురించి చెబుతున్నాడు. గొంతు సన్నబడింది కానీ మాట తడబడటం లేదు. పడవలవాళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నిజంగా మంత్రి ముందు కూర్చున్నట్టే వింటున్నారు.

అరబా వాళ్ళ కంటబడకుండా పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో మట్టి పొయ్యిల మీద ఇనుప జల్లెళ్ళు, వాటి మీద వరసగా చేపలు. తల్లి ఎకువా పొగలో వంగి ఒక్కొక్క చేపనూ తిరగేస్తోంది. ఆవిడకు అరవై దాటాయి. ఆ పొగకు కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి గనక, ఏడ్చిందో లేదో ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

"ఫీఫీకి చెప్పింది నువ్వేనా అమ్మా?"

ఎకువా ఇంకో రెండు చేపలు తిరగేసింది. అరబా కదలకపోవడం చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"నేనే" అంది.

కాదంటుందని అరబా అనుకుంది. కాదంటే ఏం అడగాలో దారి పొడుగునా సిద్ధం చేసుకుంది. ఆ ప్రశ్నలేవీ ఇప్పుడు పనికి రాలేదు. పొయ్యి పక్కన తిరగేసిన గంప మీద కూర్చుంది.

ఎకువా మెల్లగా, పొయ్యి వైపే చూస్తూ, జరిగింది చెప్పింది. అక్రా నుంచి వచ్చాక ఎసిల్ఫీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి కాచి ఇస్తే ఇచ్చినట్టే తిరిగి వచ్చేది. తెల్లవారగానే మాత్రం చెయ్యి చాచి రేడియో పెట్టుకునేవాడు. ఎవరికి ఏ శాఖ వస్తుందో వాళ్ళు ఊహించుకుంటూ పోయేవాళ్ళు. నిన్నగాక మొన్న పార్టీలోకి వచ్చినవాళ్ళ పేర్లు, ఒటూకు సంచులు మోసినవాళ్ళ పేర్లు, ఒకప్పుడు ఒటూను తిట్టినవాళ్ళ పేర్లు కూడా వచ్చేవి. ఎసిల్ఫీ పేరు వచ్చేది కాదు. కాసేపు విని ఆపేసేవాడు. మర్నాడు మళ్ళీ పెట్టేవాడు.

"ఆ చెయ్యి రేడియో దాకా పోవడం రోజూ చూశాను" అంది ఎకువా. "ఆదివారం చర్చి బయట ఫీఫీ కనపడి, మాస్టారికి ఎలా ఉందమ్మా అన్నాడు. నేనేం అనుకుని చెప్పలేదే. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. ఆయనకేం నాయనా, ఒటూ గారు ఫోన్ చేశారు, చేపల శాఖ చూసుకోమన్నారు అన్నాను. మర్నాడు పొద్దున్నే వాడు చదివేశాడు. మీ నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను లేపలేదు, తనే లేచాడు. గంజి కావాలన్నాడు. చక్కెర ఎక్కువ వెయ్యమన్నాడు."

"నిజంగా ఫోన్ చేశాడా?"

"ఒటూనా? గెలిచిన రోజు నుంచి ఒక్కసారి కూడా చెయ్యలేదు."

అరబాకు కోపం అప్పుడు వచ్చింది. ఇవాళో రేపో పేర్లు చదివితే అందులో నాన్న పేరు ఉండదనీ, ఊరందరి ముందూ కూర్చోబెట్టి ఆయన్ని నిలువునా కూలదోసినట్టు అవుతుందనీ, ఇంత చేసేముందు తనకు ఒక్క మాట చెప్పి ఉండవలసిందనీ గొంతు తగ్గించే అంది. వసారాలోకి వినపడకూడదని పళ్ళ బిగువున అంది.

"నీకు చెబితే ఏం చేసేదానివి?" అంది తల్లి. "వచ్చిన ప్రతి మాటనీ నీ కొట్లో చేపల్లాగా ఐసు పెట్టెలో పెట్టి మూత వేసేస్తావు నువ్వు. ఆయన వేడి మీద ఉండాలే. నాకు తెలిసిన పని అదొక్కటే, సెగ ఆరిపోకుండా చూడటం."

"పేర్లు చదివే రోజు వస్తుందని తెలీదా నీకు?"

జల్లెడ చివర ఒక చేప మాడుతోంది. ఎకువా దాన్ని చూస్తూనే ఉంది కానీ తియ్యలేదు.

"అప్పటికి ఉండడనుకున్నానే" అంది చివరికి. "డాక్టరు క్రిస్మస్ అన్నాడా? ఈ సంతోషంలోనే కళ్ళు మూస్తాడు, పేర్లు చదివే రోజు ఆయనకు రాదు అనుకున్నాను. కానీ ఆ మాట పట్టుకునే బతుకుతున్నాడు. రోజూ పొద్దున్నే ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాను. ఆడుతుంటుంది. దేవుడా, ఇంకొక్క రోజు ఉంచావు అని దణ్ణం పెట్టుకుంటాను. ఆ వెంటనే భయం వేస్తుంది. మొగుడు ఇంకా ఉన్నాడని భయపడే ఆడది ఎక్కడన్నా ఉంటుందా?"

అరబా లేచి మాడుతున్న చేపను తీసి పక్కన పడేసింది. తల్లి భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది. ఆ ఇంట్లో అలాంటివి అలవాటు లేదు. ఆవిడ భుజం మీది గుడ్డ జారి పొయ్యిలో పడేలా ఉంటే సర్ది వదిలేసింది.

మధ్యాహ్నానికి జనం వెళ్ళిపోయారు. తండ్రి లోపలినుంచి పిలిస్తే అరబా వెళ్ళింది. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ మీద గుడ్డ కప్పింది. గోడ మేకుకు దర్జీ తెచ్చిన కొత్త సూటు వేలాడుతోంది. కొలతలు తీసుకున్నాక కూడా మనిషి చిక్కిపోయాడు, అది మళ్ళీ వదులైంది.

"స్టేషనుకు వెళ్ళావటగా" అన్నాడు ఎసిల్ఫీ.

అరబా ఉలిక్కిపడింది. ఊళ్ళో తన పాత విద్యార్థి లేని సందు ఉందా అన్నట్టు ఆయన చిన్నగా నవ్వాడు. తలుపు వెయ్యమని సైగ చేశాడు. వేసి వచ్చాక మంచం పట్టె మీద కూర్చోమన్నాడు.

"నా ఒంట్లో ఏముందో నాకు తెలుసమ్మా" అన్నాడు.

ఆమె ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. డాక్టరు వాళ్ళిద్దరినీ వరండాలోకి పిలిచినప్పుడు తన దగ్గర ఒక నర్సు ఉందనీ, ఆ పిల్ల తన దగ్గర చదువుకున్నదేననీ చెప్పాడు. నిజం చెప్పమ్మా అని అడిగితే ఆ పిల్ల ఏమీ చెప్పకుండా ఏడ్చిందట. ఆ తర్వాత అడగవలసింది ఏమీ లేకపోయిందట. క్లాసులో సముద్రాల లోతులు చెప్పిన గొంతుతోనే ఇదీ చెప్పాడు.

"ఒటూ నాకు శాఖ ఇవ్వడు. అదీ తెలుసు. మెట్లు ఎక్కలేనివాణ్ణి ఎవడు తీసుకుంటాడు? ఒంట్లో బాగున్నా ఇవ్వడు. ఆ ఓడలవాళ్ళ బండ్లు ఎక్కే కదా మొన్న దేశమంతా తిరిగి గెలిచాడు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెడితే వారం తిరక్కుండా వాళ్ళతో తగువు పెట్టుకుంటానని వాడికి తెలుసు. జైల్లో ఒకే చాప మీద పడుకున్నవాళ్ళం. నన్ను వాడి కంటే ఎరిగినవాడు లేడు."

"మరి రోజూ ఆ జనాన్ని కూర్చోబెట్టుకుని..." అంది అరబా.

"ఫీఫీ ఎందుకు చదివాడో నాకు తెలీదు. ఎవరి పేరూ దొరక్క చదివాడేమో. కానీ ఆ పొద్దున మీ అమ్మ మొహం నువ్వు చూడలేదు." ఎసిల్ఫీ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "తలుపులో నిలబడి నన్నే చూస్తోంది. పెళ్ళయిన కొత్తల్లో చూసేది అలాగ. నేను మైకు పట్టుకుని ఊళ్ళు తిరిగాను. ఆవిడ పొగలో ఉంది. నేను జైల్లో ఉన్నాను. అప్పుడూ ఆవిడ పొగలోనే ఉంది. నిన్ను చదివించింది ఆ పొగే. నేను ఈ ఇంటికి ఏం తెచ్చాను చెప్పు? ఓటమి తర్వాత ఓటమి తెచ్చాను. ఇప్పుడు దారిన పోయేవాళ్ళు ఆవిణ్ణి మంత్రిగారి భార్య అంటున్నారు. అననీ. నాలుగు రోజులు అనిపించుకోనీ."

"నాన్నా, గంజి..."

"తాగితే కడుపులో నిప్పు పోసినట్టు ఉంటుంది. ఆ రోజు ఆవిడ సంబరం చూసి అడిగాను. చక్కెర కూడా వెయ్యమన్నాను. అప్పట్నుంచి రోజూ గ్లాసు నిండా తెచ్చి ఎదురుగా కూర్చుంటోంది. తాగకుండా ఎలా ఉంటాను?" ఆయన కళ్ళు మూసుకున్నాడు. "పేర్లు చదివేలోగా నేను పోతే బాగుండు. పోకపోతే, అప్పుడు చూద్దాం. నువ్వు మాత్రం మీ అమ్మకు చెప్పకు. ఆవిడ నమ్మింది. నమ్మనీ."

ఈ గోడకు అవతల పెరట్లో ఉన్న మనిషి ఏం చెప్పిందో చెప్పేస్తే, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారు? చెప్పకపోతే రేపు గంజి గ్లాసు ఆ మంచం దగ్గరికి వెళ్తుంటే తాను ఎలా చూస్తూ ఊరుకుంటుంది? ఆయన చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. అందులో బరువే లేదు. సరే నాన్నా, చెప్పను అంది. ఆయన నిద్రపోయేదాకా అక్కడే కూర్చుని, తర్వాత మొహం కడుక్కుని ఇంటి పక్కనే రోడ్డు వారనున్న తన కొట్టుకు వెళ్ళింది. చల్లటి పెట్టెల్లో చేపలు పెట్టి అమ్మే కొట్టు అది. తెరవకపోతే అమ్మ వచ్చి ఏమయిందని అడుగుతుంది.

సాయంత్రం కావస్తోంది. దుమ్ము కమ్మిన ఆకాశంలో సూర్యుడు వెలవెలబోయి, కంటికి నొప్పి లేకుండా చూడగలిగేలా ఉన్నాడు. కొట్లో బేరం లేదు. రోడ్డు మీద ఒక బూడిద రంగు కారు వచ్చి ఆగింది. జెండా లేదు, వెనక మరో బండి లేదు. ముందు సీట్లోంచి ఒక బలమైన మనిషి దిగి అటూ ఇటూ చూశాడు. వెనక సీట్లోంచి, మామూలు గళ్ళ చొక్కా వేసుకున్న పెద్దాయన దిగి నేరుగా కొట్లోకి వచ్చాడు.

"అరబా తల్లీ" అన్నాడు.

చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని సముద్రపు ఒడ్డున తిరిగింది కాబట్టి, ముందు ఆమెకు బాబాయే కనిపించాడు. దేశాధ్యక్షుడని ఆ తర్వాత గుర్తొచ్చింది. లేవాలా వద్దా అని తడబడుతుంటే ఒటూ కూర్చోమని చేత్తో సైగ చేసి, తలుపు వారకు జరిగి, రోడ్డు మీదికి కనపడకుండా నిలబడ్డాడు. ఆయన కూడా చిక్కాడు. గోడల మీద పోస్టర్లలో నవ్వే మనిషిలా లేడు.

చెప్పవలసింది తొందరగా చెప్పేశాడు. ఈ సాయంత్రం వార్తల్లో పేర్లు చదువుతారు. చేపల శాఖ వేరే మనిషికి వెళ్ళింది. రేడియోలో ఎబో పేరు విన్నప్పుడల్లా ఫోన్ చేద్దామని తీసి, ఏం చెప్పాలో తెలియక పెట్టేసేవాడట. చివరికి, ఇది ఎబో రేడియోలో వినకూడదు, తన నోటితోనే చెప్పాలి అని ఎవరికీ చెప్పకుండా బయలుదేరి వచ్చాడట.

"తిడతాడు. తిట్టనీ. వాడికి ఆ హక్కుంది" అన్నాడు ఒటూ. "కానీ వాడు నా మీద పెట్టుకున్న ఆశ అంతా పోతుంది. అదే భయంగా ఉంది నాకు."

"బాబాయ్" అంది అరబా. "నాన్న చచ్చిపోతున్నాడు."

ఒటూ అర్థం కానట్టు చూశాడు. జబ్బు పేరు, డాక్టరు చెప్పిన గడువు, అది ఎప్పుడో దాటిపోవడం ఆమె తల ఎత్తకుండా చెప్పింది. ఆయన పక్కనున్న ఐసు డబ్బా మీద కూలబడ్డాడు. ప్రచారం ఆఖరి రోజుల్లో ఎబో సభలకు రాకపోతే అలిగాడనుకున్నాననీ, ఆ కోపంతోనే మొదట ఫోన్ చెయ్యలేదనీ గొణిగాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?" అన్నాడు.

"ఇంట్లో అందరికీ తెలుసు. నాన్నకు తెలుసని అమ్మకు తెలీదు. నువ్వు ఫోన్ చేశావని ఫీఫీకి అబద్ధం చెప్పింది అమ్మే. ఆ సంగతి నాన్నకు తెలీదు. నువ్వు శాఖ ఇవ్వవని మాత్రం ఇద్దరికీ తెలుసు. ఆవిడ సంతోషం కోసం ఆయన, ఆయన సంతోషం కోసం ఆవిడ. నేనిద్దరికీ మాటిచ్చినట్టే అయింది."

"మరి నన్నేం చెప్పమంటావు తల్లీ?" దేశం మొత్తానికి ఎవరేం చెయ్యాలో చెప్పే కుర్చీలో కూర్చున్న మనిషి, చేపలమ్ముకునే అమ్మాయిని ఆ మాట అడిగాడు. అడగటం కోసం అడగలేదు. జవాబు కోసం ఆమె మొహంలోకి చూశాడు.

నిజం చెప్పమంటే తండ్రి తట్టుకుంటాడు, తన అబద్ధం బయటపడి తల్లి కూలిపోతుంది. అబద్ధం చెప్పమంటే వార్తలు వచ్చేదాకా నిలుస్తుంది, అంతే. అరబా జవాబు వెతుక్కుంటుండగానే బయట కలకలం మొదలైంది. ఎవరో కారు దగ్గరున్న మనిషి నడుము దగ్గర తుపాకీ చూశారు. ఎవరో ఒటూ పేరు పలికారు. ఆ పేరు వీధి చివరిదాకా పాకిపోయింది. ఇళ్ళలోంచి జనం వస్తున్నారు. ఇక దాక్కునే వీలు లేదు. ఒటూ లేచి చొక్కా సర్దుకుని ఇంటివైపు నడిచాడు. అరబా ఆయన వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళింది.

వసారాలో ఎసిల్ఫీ నిలబడి ఉన్నాడు. కుర్చీ పట్టుకోలేదు. కొత్త సూటు కోటు ఎప్పుడు తొడుక్కున్నాడో, భుజాల మీద వేలాడుతోంది. ఆయన వెనక గుమ్మంలో ఎకువా, మసి చేతులు నడుముకు చుట్టుకున్న గుడ్డకు తుడుచుకుంటూ నిలబడింది. ఆవిడ కళ్ళు ఒటూ మీద లేవు, భర్త మీద ఉన్నాయి. నాన్న చెప్పిన ఆ చూపు ఎలాంటిదో అరబాకు ఇప్పుడు తెలిసింది.

ఒటూ మెట్ల కింద ఆగిపోయాడు. వెనక గేటు దగ్గర జనం గుంపుగా నిలబడ్డారు.

"ఇంత ఆలస్యమా క్వామినా?" అన్నాడు ఎసిల్ఫీ. మొహంలో కోపం లేదు. ఒక చెయ్యి వెనక్కి చాచి భార్య చేతిని వెతికి పట్టుకున్నాడు. స్నేహితుడి కళ్ళలోకి, బతిమాలుతున్నట్టు, సూటిగా చూశాడు.

"నాకేం ఇచ్చావో నువ్వే చెప్పు. గట్టిగా చెప్పు, మా ఆవిడ వినాలి."

ఒటూ తల తిప్పి అరబా వైపు చూశాడు.